25 వేల బడ్జెట్‌లో 1998 స్ప్లెండర్‌ని మళ్ళీ రోడ్డెక్కించాలి, కొంచెం కెఫే లుక్ కూడా కావాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి_98

అన్నలందరికీ నమస్కారం. నాన్నగారి హీరో హోండా స్ప్లెండర్, 1998 మోడల్. నాలుగైదేళ్ళుగా వసారాలో కవరు కింద ఉండిపోయింది. అమ్మే ఉద్దేశం లేదు. చేతిలో ఉన్నది 25,000, ఈ ఏడాదికి అంతకు మించి కుదరదు.

కిక్ దిగుతోంది, బిగుసుకుపోలేదు. కానీ ప్రెషర్ చాలా తక్కువ. నిలిపేసే ముందు ఎక్స్‌లేటర్ ఇస్తే నీలంగా పొగ వచ్చేది, ఆయిల్ త్వరగా తగ్గిపోయేది. హెడ్ దగ్గర కటకట శబ్దం కూడా ఉండేది. ట్యాంకు లోపల టార్చి వేసి చూస్తే ఎర్రగా తుప్పు. హెడ్‌లైట్ వెనక వైరింగ్‌ని ఎలుకలు కొరికేశాయి. టైర్లు పక్కల పగిలాయి. చాసిస్ మీద పైపై తుప్పే, ఎక్కడా విరిగింది లేదు. ఆర్‌సీ గడువు 2023లో అయిపోయింది, రెన్యువల్ చేయించలేదు.

నాకు కావాల్సింది కెఫే లుక్, అంటే పాత రేసు బండి రూపం: వెనక చాసిస్ కొంచెం కోయించి సింగిల్ సీటు, కిందికి ఉండే హ్యాండిల్, వెనక లావు టైరు, మొత్తం మ్యాట్ నలుపు. ఆర్‌సీలో రంగు ఎరుపు అని ఉంది. మా ఊళ్ళో ఒక మెకానిక్ ముందు పెయింటింగుకి ఇచ్చేయమంటున్నాడు, ఇంజన్ తర్వాత చూసుకోవచ్చట. ఏది ముందు, ఏది తర్వాత? ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ ఆపాలి?

---

బోరింగ్_మాస్టర్_బెజవాడ

తమ్ముడూ, పెయింటు ఆఖరు. ముందు వేయిస్తే ఇంజన్ దించి ఎక్కించేటప్పుడు చాసిస్ గీసుకుపోతుంది. ఎక్కడైనా బ్రాకెట్ వెల్డింగ్ పడితే వేసిన రంగు కాలిపోతుంది. బండి మొత్తం రంగు లేకుండానే బిగించి, నడిపి చూసి, ఏ లోపమూ లేదని తేలాక మళ్ళీ విప్పి రంగుకి పంపాలి. రెండుసార్లు విప్పడం శ్రమే, కానీ రంగుకి రెండోసారి డబ్బు పెట్టే పని తప్పుతుంది.

ఇక ఇంజన్. ఇప్పుడే కిక్ మీద కిక్ కొట్టకు. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో ఒక టీస్పూను ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలెయ్. తెల్లారి ప్లగ్ లేకుండానే చేత్తో కిక్ రాడ్‌ని నెమ్మదిగా పది పదిహేనుసార్లు దించు. ఇన్నేళ్ళు కదలని రింగులు గాడిలో అంటుకుని ఉంటాయి. పొడి బోరు మీద ఒక్కసారిగా తొక్కితే గీత పడుతుంది, 0.25 మి.మీ.తో పోయే బోరింగ్ (సిలిండర్ లోపలి గోడ కోసి పెద్దది చేయడం) 0.50కి వెళ్తుంది.

తర్వాత పాత ఆయిల్ దించు. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు చేరినట్టు. నల్లగా చిక్కగా ఉంటే మామూలే. ఇత్తడి, అల్యూమినియం మెరుపులు కనిపిస్తే మాత్రం కింద క్రాంక్ పని కూడా చూడాలి. క్లచ్ కవర్ విప్పి రెండు చోట్ల శుభ్రం చెయ్: క్రాంక్ చివర గుండ్రటి కప్పులా ఉండే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్, కింద గాడిలోంచి బయటికి లాగే ఆయిల్ జాలీ. ఈ బండికి కాగితం ఫిల్టర్ లేదు, మడ్డి అంతా ఆ కప్పులోనే గోడలకి పేరుకుంటుంది. చాలామంది ఏళ్ళ తరబడి ఆయిల్ మారుస్తారుగానీ అది విప్పరు. డీజిల్‌తో కడిగి, గుడ్డ పోగులు లోపల మిగలకుండా తుడువు. ఆ కప్పు స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కి తల అరిగిపోతాయి, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడు.

ఇప్పుడు ప్రెషర్ లోపం ఎక్కడుందో తేల్చాలి. ప్లగ్ దగ్గర గేజ్ పెట్టి రేస్ పూర్తిగా తిప్పి ఉంచి కిక్ కొట్టు, అంకె రాసుకో. మళ్ళీ ఒక స్పూను ఆయిల్ పోసి కొట్టు. బాగా పెరిగితే రింగులు, బోరు పోయినట్టు. పెరక్కపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. గేజ్ లేకపోయినా కిక్ కాలికి తగిలే బిగువులోనే ఆ తేడా తెలుస్తుంది. నువ్వు చెప్పిన పొగ రేస్ ఇచ్చేటప్పుడు వచ్చేది కాబట్టి రింగుల మీదే అనుమానం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి తగ్గే పొగైతే వాల్వ్ సీళ్ళు. నీ బండి వయసుకి రెండూ పోయి ఉండొచ్చు, హెడ్ ఎలాగూ విప్పుతావు కాబట్టి సీళ్ళు మార్చెయ్.

ఈ ఇంజన్ 97.2 సీసీ, బోరు 50 మి.మీ., స్ట్రోక్ 49.5. పిస్టన్ ఓవర్‌సైజులు 0.25, 0.50, 0.75, 1.00 వరకు దొరుకుతాయి. ముఖ్యమైన మాట: ముందు పిస్టన్ కొను, దాన్ని పట్టుకునే లేత్ షాపుకి వెళ్ళు. పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయించాలి. 'పాయింట్ ఫిఫ్టీ చేసెయ్యండి' అని ఉట్టి బ్లాక్ ఇచ్చి వస్తే గ్యాప్ తప్పుతుంది. ఎక్కువైతే పిస్టన్ కొట్టుకుంటుంది, తక్కువైతే వేడెక్కి పట్టేస్తుంది. బోరు పైన, మధ్యలో, కింద, అడ్డంగా నిలువుగా కొలిపించు. హోనింగ్ (బోరు గోడని సన్నగా రుద్దడం) గీతలు ఒకదాన్నొకటి దాటుతూ కనిపించాలి, అద్దంలా నున్నగా ఉంటే రింగులు కూర్చోవు. రింగుని ఒంటరిగా బోరులో పెట్టి ఫీలర్ గేజ్‌తో చివరల మధ్య గ్యాప్ చూడు. 0.5 మి.మీ. దాటితే ఆ సెట్టు వాపసు ఇచ్చెయ్.

బిగించేటప్పుడు రింగు మీద అక్షరం పైకి, పిస్టన్ మీద 'ఇన్' గుర్తు కార్బొరేటర్ వైపుకి. రింగుల నోళ్ళు, అంటే చివరలు కలిసే చోట్లు, ఒకే వరసలో రాకుండా తిప్పు. గజన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను) సర్‌క్లిప్పులు పాతవి మళ్ళీ వాడకు, పది రూపాయల క్లిప్పు ఊడితే కొత్త బోరు పోతుంది.

హెడ్‌లో వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో రుద్దించాక పోర్టులో కిరోసిన్ పోసి పది నిమిషాలు ఉంచు. ప్లగ్ వైపు తడి కనిపిస్తే ఇంకా కూర్చోలేదు. వాల్వులు తెరిచే క్యామ్ ముక్కుల మీద, రాకర్ల మీద గుంటలు ఉంటే అవి మార్చక తప్పదు.

ఆ కటకట శబ్దం చాలావరకు టైమింగ్ చైన్ దగ్గరే. చైన్ ఒక్కటే మారిస్తే మళ్ళీ వస్తుంది. టెన్షనర్ రోలర్, గైడ్ రోలర్, టెన్షనర్ పుష్ రాడ్ చివర రబ్బరు, ఇవన్నీ గట్టిపడి అరిగి ఉంటాయి. మొత్తం కలిపి మార్చు. కలిపేటప్పుడు మ్యాగ్నెట్ మీద 'టీ' గుర్తు, క్యామ్ పళ్ళచక్రం మీద సున్నా గుర్తు రెండూ కలవాలి. కలిశాక కిక్ కొట్టకుండా స్పానర్‌తో మ్యాగ్నెట్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్ళీ చూడు. ఎక్కడైనా గట్టిగా అడ్డుతగిలితే ఆపెయ్, వాల్వు పిస్టన్‌కి తగులుతోందని అర్థం.

టాపెట్ గ్యాప్ (రాకరుకీ వాల్వుకీ మధ్య సందు) ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రెండూ 0.05 మి.మీ. 'టీ' గుర్తు దగ్గర రెండు రాకర్లూ కొద్దిగా ఆడుతుంటే సరైన చోటే. బిగుసుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పు. శబ్దం పోవాలని కొందరు గ్యాప్ లేకుండా బిగిస్తారు. శబ్దం పోతుంది, కొన్నాళ్ళకి ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది.

హెడ్ డోమ్ నట్లు విప్పేముందు ఫొటో తీసుకో, ఆయిల్ పైకెళ్ళే స్టడ్ దగ్గరి రాగి వాషర్ చోటు మారితే అక్కడినుంచే కారుతుంది. మూలమూలకి అడ్డంగా, రెండు మూడు విడతల్లో బిగించు. ఆయిల్ 10 డబ్ల్యూ 30, 900 మి.లీ. డబ్బా కొని డిప్‌స్టిక్ చూసుకుంటూ పొయ్యి. స్టార్ట్ అయ్యాక ఒక టాపెట్ మూత తీసి, స్లోలో నిమిషం లోపల పైన ఆయిల్ తడి వస్తోందో లేదో చూడు. రాకపోతే వెంటనే ఆపు. మొదటి 500 కి.మీ. 45 దాటకుండా, ఒకే వేగం మీద సాగదీయకుండా నడిపి, ఆ ఆయిల్ పారబోసి కొత్తది పోస్తే రన్నింగ్ పూర్తయినట్టు.

---

ఓరుగల్లు_వైరింగ్

వైరింగ్ సంగతి నేను చెప్త. ఎలుకలు కొరికిన దాన్ని టేపు చుట్టి అతికించొద్దు. ఒక్క చోట కనిపిస్తది గానీ ట్యాంకు కింద, స్టీరింగ్ మెడ దగ్గర ఇంకో నాలుగు చోట్ల తోలు పోయి ఉంటది. ఈ మోడల్‌కి పూర్తి వైరింగ్ కిట్ దొరుకుతది. దాన్నే వేయించు. పాతది పారేయకు, కొత్తదానిల ఏ క్లిప్పు ఎక్కడ పోతదో చూసుకోవడానికి పనికొస్తది.

అయితే వైరింగ్ కొనకముందే ఇంజన్ స్టార్ట్ చేసి చూడొచ్చు. ఈ బండి ఇగ్నిషన్ బ్యాటరీ మీద ఆధారపడదు, మ్యాగ్నెట్ కాయిల్ నుంచే సీడీఐకి (స్పార్క్ పుట్టించే డబ్బాకి) కరెంట్ వస్తది. స్పార్క్ రాకుంటే సీడీఐ పోయిందని కొనేటోళ్ళు మస్తు మంది. ముందు సీడీఐ దగ్గర నలుపు మీద తెల్ల గీత ఉన్న వైరు పీకి చూడు. తాళం ఆఫ్ చేసినప్పుడు అది బాడీకి తాకి ఇంజన్ ఆపుతది. ఎలుక కొరికి అది చాసిస్‌కి తగిలితే తాళం ఆన్‌లో ఉన్నా స్పార్క్ రాదు. పీకినంక స్పార్క్ వస్తే సీడీఐ మంచిగున్నట్టే. అప్పుడు ఇంజన్ ఆపడానికి తాళం పనిచేయదు, గేర్ల వేసి బ్రేక్ తొక్కి క్లచ్ వదిలి ఆపాలె. ప్లగ్ సీ7హెచ్‌ఎస్‌ఏ, గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ.

ఆకుపచ్చ వైరు ఎర్త్. పౌడర్ కోటింగ్ చేయించిన బండ్లల్ల సగం కరెంట్ కష్టాలు దీని తోనే. చాసిస్ మొత్తం ప్లాస్టిక్ తొడుగు లెక్క రంగు పడ్తది, ఎర్త్ బోల్టు కింద లోహం తగలదు, ఇంజన్ మౌంటింగుల కాడ కూడా తగలదు. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ మసకబారుడు, హారన్ కొడితే ఇంకోటి వెలుగుడు, అన్నీ ఎర్త్ లక్షణాలే. ఎర్త్ బోల్టు చోట రంగు గీకి, లోహం కనిపించినంక బిగించి, పైన కొంచెం గ్రీజు రాయి. ఇంజన్ నుంచి చాసిస్‌కి ఒక విడి ఎర్త్ వైరు వేసుకుంటే ఇంకా మంచిది.

హెడ్‌లైట్ ఈ బండిల మ్యాగ్నెట్ నుంచి నేరుగా ఏసీ మీద నడుస్తది. ఎల్‌ఈడీ బల్బు అట్లనే పెడితే స్లోల మినుకుమినుకుమంటది, తొందరగ పోతది. బ్యాటరీ మీదికి మార్చుదామంటే ఉన్నది 2.5 యాంపియర్ అవర్ బ్యాటరీ, దాన్ని నింపే కాయిల్ కూడా చిన్నదే. రాత్రి గంటసేపు నడిపితే బ్యాటరీ దిగిపోతది. ఈ బడ్జెట్ల మామూలు 35/35 వాట్ల బల్బే ఉంచు. రిఫ్లెక్టర్ మెరుపు పోయి ఉంటది, అది కొత్తది వేస్తే వెలుగుల తేడా కనిపిస్తది.

బల్బులు మాటిమాటికి పోతుంటే రెగ్యులేటర్ పోయినట్టు. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి రేస్ ఇస్తే 14 నుంచి 14.5 వోల్టుల మధ్య ఆగాలె. 13 దాటకుంటే ఛార్జింగ్ లేదు, 15 దాటితే రెగ్యులేటర్ మార్చు.

---

ట్యాంక్_క్లీనింగ్_గుంటూరు

ట్యాంకుకి బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం పోయకండి. తుప్పుతో పాటు మంచి రేకుని కూడా తినేస్తుంది, కడిగిన గంటలోపే మళ్ళీ ఎర్రబడుతుంది. నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చటి నీటికి 100 గ్రాముల చొప్పున, ట్యాంకు నిండడానికి కిలో సరిపోతుంది. పెట్రోల్ కాక్ విప్పి ఆ రంధ్రం మూసెయ్యండి, ఫ్లోట్ గేజ్ ఉంటే అదీ బయటికి తియ్యండి. ఒక పగలు, ఒక రాత్రి ఉంచాలి. మధ్యలో గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపితే మందమైన పొరలు ఊడతాయి. నట్లు లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీసుకోండి.

పారబోశాక వంటసోడా కలిపిన నీళ్ళతో కడగాలి, లేకపోతే మిగిలిన పులుపు లోపల పని చేస్తూనే ఉంటుంది. తర్వాత మంచినీళ్ళు, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం. ఎండలో పెట్టి వదిలేస్తే ఆరేలోపే తుప్పు పొర కడుతుంది. ఆరగానే 100 మి.లీ. టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల ఆయిల్) పోసి అన్ని మూలలకీ తాకేలా తిప్పి, మిగిలింది వంచెయ్యండి.

కడిగాక చిన్న రంధ్రాలు బయటపడొచ్చు. ఖాళీ ట్యాంకే కదా అని గ్యాస్ వెల్డింగ్ చేయించవద్దు. పెట్రోల్ ద్రవంగా లేకపోయినా లోపల ఆవిరి ఉంటుంది, అది పేలుతుంది. సబ్బునీళ్ళతో పలుమార్లు కడిగించి, అతుకు వేసే చోటు ఒక్కటి తప్ప మిగతాదంతా నీళ్ళతో నింపి ఉంచి, ట్యాంకుల పని తెలిసినవాళ్ళ దగ్గర మాత్రమే ఇత్తడి అతుకు వేయించండి.

కార్బొరేటర్‌లో పాత పెట్రోల్ జిగురై ఉంటుంది. మెయిన్ జెట్, స్లో జెట్ రెండూ విప్పి కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పట్టండి. ఇనప తీగ దూర్చవద్దు, ఇత్తడి రంధ్రం పెద్దదైతే మైలేజీ జన్మలో రాదు. నీడిల్ వాల్వు, కింది కప్పు రబ్బరు, పెట్రోల్ పైపు, కాక్ వాషర్లు తప్పకుండా కొత్తవి వేయండి. ఈ బండి వచ్చిన రోజుల్లో పెట్రోల్‌లో ఇథనాల్ లేదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కి) పాత రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఇథనాల్ తేమని కూడా లాక్కుంటుంది. అందుకే నెలల తరబడి కదలకుండా పెట్టేటప్పుడు కాక్ మూసి, కార్బొరేటర్ కింది స్క్రూ వదులు చేసి కప్పు ఖాళీ చెయ్యాలి. మిక్చర్ స్క్రూ మెల్లగా పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పితే స్టార్ట్ అవుతుంది. ఇంజన్ వేడెక్కాక స్లో ఎక్కడ ఎక్కువగా, సాఫీగా ఉంటే అక్కడ ఆపి, స్లో 1,400 దగ్గర పెట్టండి.

---

తెనాలి_98

చాలా థాంక్స్ అన్నా. రాత్రి ఆయిల్ పోసి పెడతాను. చాసిస్ కోయించడం గురించి, లావు టైరు గురించి ఎవరూ చెప్పలేదు. 100/90 టైరు పడుతుందని షాపతను అన్నాడు. పౌడర్ కోటింగ్ చేయించాలా, స్ప్రే పెయింటా?

---

కెఫే_బిల్డ్_హైదరాబాద్

చాసిస్ మీద గ్రైండర్ పెట్టకండి. రెండు కారణాలు.

మొదటిది కాగితాలు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. మీ ఆర్‌సీలో సీట్లు రెండు అని ఉంటుంది, సింగిల్ సీటు పెడితే అదే తేడా. పైగా కేంద్ర మోటారు వాహనాల నిబంధన 123 ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే హ్యాండిల్, ఫుట్ రెస్టులు, వెనక చక్రం కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలి. మీరు రెన్యువల్‌కి బండిని ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టాల్సిందే కదా.

రెండోది బలం. వెనక లూపు కోసి కొత్తది అతికితే షాకుల పై మౌంటింగ్ దగ్గర బరువు పడే తీరు మారిపోతుంది. మంచి వెల్డింగ్ అయినా పక్కనే పగులు రావచ్చు.

కోయకుండానే మీకు కావాల్సిన రూపం చాలావరకు వస్తుంది. పాత సీటు పాన్ తీసుకుని, దాని హుక్కు, బోల్టులు అలాగే ఉంచి, స్పాంజి తగ్గించి, పైన చదునుగా, పొడుగ్గా, ఇద్దరు కూర్చునేలా కుట్టించండి. దీన్నే బ్రాట్ సీటు అంటారు. స్ప్లెండర్ ట్యాంకుకి వెనక ఉబ్బుండే కెఫే సింగిల్ సీటు కంటే ఇదే నప్పుతుంది అని నా అభిప్రాయం. సన్నటి పొడవాటి ట్యాంకు వెనక పొట్టి సింగిల్ సీటు పెడితే బండి వెనక సగం ఖాళీగా కనిపిస్తుంది. స్పాంజి రెండంగుళాల కంటే తగ్గించొద్దు, గతుకుల్లో నడుము పోతుంది.

హ్యాండిల్‌కి క్లిప్-ఆన్ (ఫోర్కు పైపులకే బిగించే కిందికుండే రెండు ముక్కల హ్యాండిల్) జోలికి పోకండి, తిప్పినప్పుడు చెయ్యి ట్యాంకుకి తగులుతుంది. 22 మి.మీ. మందం ఉన్న చదును హ్యాండిల్ పాత క్లాంపులోనే కూర్చుంటుంది. బిగించాక రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. స్లోలో ఉన్న ఇంజన్ హ్యాండిల్ తిప్పితే రేస్ పెరిగితే రేస్ కేబుల్ లాగుతోందని అర్థం. అది వదిలేస్తే మలుపులో బండి దానంతటదే ముందుకు దూకుతుంది.

టైరు: కంపెనీ సైజు ముందు వెనక రెండూ 2.75-18. వెనక 3.00-18 వరకు పాత రిమ్ముకి సరిగ్గా కూర్చుంటుంది. 100/90 ఎక్కించొచ్చు, కానీ సన్నటి రిమ్ము మీద టైరు అంచులు లోపలికి నొక్కుకుని పైభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. రోడ్డుకి తగిలే భాగం తగ్గుతుంది. చైన్ కవర్‌కీ స్వింగ్ ఆర్మ్‌కీ రాసుకుంటుంది, ఈ చిన్న ఇంజన్‌కి బరువు, మైలేజీ రెండూ దెబ్బే. టైరు పక్కన నాలుగంకెలు చూసి కొనండి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పాతబడిన స్టాకు తక్కువకి ఇస్తామంటే వద్దనండి. ట్యూబు, రిమ్ టేపు కొత్తవే.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి పాడ్ ఫిల్టర్ (కార్బొరేటర్‌కే తగిలించే బయటి ఫిల్టర్) పెట్టాలని కూడా అనిపిస్తుంది. పెట్టకండి. గాలి ఎక్కువై మిక్చర్ పలచబడుతుంది, జెట్లు మార్చాలి, వానలో తడుస్తుంది. కొత్తగా బోరు చేసిన ఇంజన్ పలచటి మిక్చర్‌తో వేడెక్కితే మాస్టర్ గారు చెప్పిన పనంతా వృథా. సైలెన్సర్ కూడా ఒరిజినల్‌దే, తుప్పు గీకి వేడిని తట్టుకునే నల్ల రంగు కొట్టించండి.

చాసిస్‌కి పౌడర్ కోటింగ్ మంచిది. ఇచ్చేముందు కోన్ సెట్ (స్టీరింగ్ మెడలోని బేరింగులు) కప్పులు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, రబ్బర్లు అన్నీ తీసెయ్యాలి, అది 180 నుంచి 200 డిగ్రీల దాకా కాలుతుంది. మరలున్న ప్రతి రంధ్రానికీ, కప్పులు కూర్చునే చోటుకీ మాస్కింగ్ వేయమని దగ్గరుండి చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం చాసిస్ నంబర్. సాండ్ బ్లాస్టింగ్‌లో అక్షరాల అంచులు పోతాయి, పైన మందంగా కోటింగ్ పడితే పూర్తిగా పూడిపోతుంది. ఆర్‌టీఏలో పెన్సిల్ ప్రింట్ (నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే అచ్చు) రాకపోతే అక్కడే ఆగిపోతారు. నంబర్ మీద మందపాటి టేపు వేసి, పని అయ్యాక అక్కడ పలచగా రంగు కొట్టుకోండి. ఇచ్చేముందే పెన్సిల్ ప్రింటు, ఫొటో తీసి పెట్టుకోండి.

---

బోరింగ్_మాస్టర్_బెజవాడ

పై అన్న చెప్పినవాటిలో ఒక్కదానితో నాకు తేడా ఉంది. 25 వేల బండికి చాసిస్ పౌడర్ కోటింగ్ అవసరం లేదు. పైపై తుప్పే అంటున్నాడు కదా. వైర్ బ్రష్, ఎమరీ కాగితం, తుప్పు పోయిన చోట ఎపాక్సీ ప్రైమర్, పైన రెండు పూతలు పీయూ (పాలీయురిథేన్) నలుపు. ఖర్చు సగం కంటే తక్కువ, రేపు గీత పడితే ఆ ముక్క వరకే సరిదిద్దుకోవచ్చు. పౌడర్ కోటింగ్ ఒకచోట పెచ్చు లేస్తే దాని కిందుగా తుప్పు పాకుతుంది, బయటికి కనిపించదు.

ట్యాంకుకి కూడా పీయూ రంగే. మామూలు రంగు మీద పెట్రోల్ చుక్క పడితే ఉబ్బుతుంది. మ్యాట్ నలుపు గురించి ఇంకోసారి ఆలోచించు తమ్ముడూ. మ్యాట్‌కి గీత పడితే పాలిష్ పట్టలేం, పట్టిన చోట మెరుస్తుంది. మోకాళ్ళు రాసుకునే చోట కొన్నాళ్ళకి ఎలాగూ మెరుపు వస్తుంది. ఇంకో సంగతి, ఆర్‌సీలో ఎరుపు ఉంది. రంగు మారిస్తే ఆర్‌సీలో మార్పించాలి. అదే ఎరుపు మంచిగా వేయించి చాసిస్, ఫోర్కు, సైలెన్సర్ నలుపు చేస్తే ఆ పని తప్పుతుంది, బండి కూడా నిండుగా ఉంటుంది.

---

కెఫే_బిల్డ్_హైదరాబాద్

పైపై తుప్పే అయితే మాస్టర్ గారి మాటే సరి. స్టీరింగ్ మెడ కింద, బ్యాటరీ పెట్టె వెనక, స్వింగ్ ఆర్మ్ అడుగున స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. ఎక్కడా దిగకపోతే స్ప్రే చాలు. యాసిడ్ కారిన చోట రేకు పలచబడి ఉంటే అది ముందు తేల్చుకోవాలి.

---

తెనాలి_98

ఎరుపుకే ఫిక్స్ అయ్యాను. సీటు కూడా బ్రాట్ స్టైల్. ఇక ఆఖరి సందేహం. ఇవన్నీ కలిపితే 25 వేలు దాటేలా ఉంది. ఏది తగ్గించుకోవచ్చు, ఏది తగ్గించకూడదు? ఆర్‌సీకి ఎంతవుతుంది?

---

బోరింగ్_మాస్టర్_బెజవాడ

ధరలు ఊరిని బట్టి, సామాను రకాన్ని బట్టి మారతాయి, ఇవి ఉజ్జాయింపు. ఇంజన్ పైభాగం మొత్తం, అంటే పిస్టన్ సెట్, బోరింగ్, హెడ్ పని, టైమింగ్ చైన్, రోలర్లు, గ్యాస్కెట్ సెట్ కలిపి ఆరు నుంచి ఆరున్నర వేలు. టైర్లు, ట్యూబులు మూడున్నర. వైరింగ్ కిట్, బ్యాటరీ, రెగ్యులేటర్ మూడు. చైన్ స్ప్రాకెట్ సెట్టు పదకొండు పన్నెండు వందలు. బ్రేకులు, బేరింగులు, కోన్ సెట్, కేబుళ్ళు రెండున్నర. ట్యాంకు, కార్బొరేటర్ ఒకటిన్నర. రంగు మూడున్నర, సీటు హ్యాండిల్ రెండున్నర. అంటే 24 వేలకి అటూఇటుగా. విప్పడం బిగించడం నువ్వే చేసుకుంటేనే ఈ లెక్క.

తగ్గించదగ్గవి: రిమ్ములకి కొత్త క్రోమ్ వద్దు. గుంటలు పడ్డ రిమ్ముకి క్రోమ్ పట్టించినా గుంటలు కనిపిస్తాయి, బెండు తీయించి, తుప్పు రుద్ది, నల్ల రంగు వేయి. మీటరు, సైడ్ ప్యానెల్స్, చైన్ కవర్, స్టాండ్లు సెకండ్ హ్యాండ్‌వి మన ఆటోనగర్‌లో వెతికితే దొరుకుతాయి. సీటు, హ్యాండిల్ వచ్చే ఏడాదికి వాయిదా వేసినా బండి ఆగదు.

సెకండ్ హ్యాండ్ కొనకూడనివి బ్రేకు షూలు, బేరింగులు, కేబుళ్ళు, చైన్ సెట్. నిలిచిపోయిన బండిలో బ్రేకు షూ మీద లైనరు బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ జిగురు ఎండిపోయి ఉంటుంది. గట్టిగా బ్రేకు పట్టిన రోజు లైనరు ఊడి డ్రమ్ములో అడ్డంపడితే చక్రం లాక్ అవుతుంది. మందంతో పనిలేకుండా మార్చెయ్. డ్రమ్ము లోపలి కొలత కంపెనీ హద్దు దాటితే హబ్ అరిగిపోయినట్టు. బ్రేకు క్యామ్ బయటికి లాగి, తుప్పు తుడిచి, పలచగా గ్రీజు రాసి వెయ్. ఆ ఒక్క పని చేయకపోతే కొత్త షూలు వేసినా బ్రేకు వెనక్కి రాదు, డ్రమ్ము వేడెక్కుతుంది. బ్రేకు దుమ్ముని ఊదొద్దు, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడువు.

ఫోర్కు సీళ్ళు మార్చేముందు పైపు మీద సీలు నడిచే చోట గోరు గీసి చూడు. గోటికి గుంట తగిలితే కొత్త సీలు నెలకే కారుతుంది, పైపు మార్చాలి. బేరింగుల నంబరు పాతదాని పక్కనే చెక్కి ఉంటుంది, అదే తెచ్చుకో, రెండు వైపులా రబ్బరు మూత ఉన్న రకం అడుగు.

---

కెఫే_బిల్డ్_హైదరాబాద్

ఆర్‌సీ విషయం. 15 ఏళ్ళు దాటిన బండికి ఒక్కోసారి ఐదేళ్ళకి రెన్యువల్ చేస్తారు, దరఖాస్తు ఫారం 25. 20 ఏళ్ళు దాటిన మోటార్‌సైకిల్‌కి ఈ ఫీజుని 2025లో 2,000 రూపాయలు చేశారు. దానికి తోడు గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి అదనపు రుసుము. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా సిద్ధంగా ఉండాలి. ఇదంతా 25 వేలకి బయట పెట్టుకోండి. బండి మీ పేరు మీదికి మార్చుకోవాలంటే నాన్నగారి సంతకంతో 29, 30 ఫారాలు.

ఆర్‌టీఏకి వెళ్ళే రోజుకి ఇండికేటర్లు నాలుగూ, హారన్, బ్రేక్ లైటు, రెండు అద్దాలు, చీర గార్డు, వెనక పట్టుకునే హ్యాండిల్ బండి మీద ఉండాలి. ఆర్‌సీ గడువు తీరిన బండిని ఇంజన్ ట్రయల్ అని రోడ్డు మీద నడపకండి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ చిక్కుల్లో పడుతుంది. అందుకే కాగితాల పని రంగుకి ముందే, బండి పాత ఎరుపులో ఉండగానే ముగించండి. రెన్యువల్ అయ్యాక మాస్టర్ గారు చెప్పిన 500 కి.మీ. రన్నింగ్ పూర్తి చేసి, ఆయిల్ మార్చి, అప్పుడు విప్పి రంగుకి పంపండి.